నాన్న ఎక్కని బస్సు

క్రోసూరు,
12 మే 2025

అత్తా,

నువ్వూ ఫ్రాన్సిస్ మామయ్యా కులాసాగా ఉన్నారనుకుంటున్నా. నిన్న ఫోన్‌లో నేను "సెలెక్ట్ అయ్యా" అంటే నువ్వు "సెలైన్ ఎక్కించారా, ఎవరికి?" అని కంగారుపడ్డావు. అన్నేళ్లు బస్సింజన్ పక్కన నిలబడి టికెట్లు కొట్టిన చెవులు గదా, వాటిని అనటానికి లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నా.

నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. అసిస్టెంట్ లోకో పైలట్. అంటే రైలింజన్‌లో డ్రైవర్ పక్క సీటు. సిగ్నల్ చూసి పైకి చెప్పాలి, దారిలో ఇంజన్ మొరాయిస్తే దిగి చూసుకోవాలి. కొన్నేళ్లు పోయాక నేనే డ్రైవర్నవుతా. పరీక్షలు అయినయ్, కళ్ల పరీక్ష కూడా పాసయ్యా. ఆగస్టులో ట్రైనింగ్.

నాన్న వద్దంటున్నాడు. అరవలేదు, తిట్టలేదు. బజారు నుంచి వచ్చి సైకిల్ స్టాండ్ వేసి, "ఉద్యోగం చెయ్యొద్దనట్లా. ఆ ఉద్యోగం వద్దంటున్నా. బీఈడీలో చేరు, నాలాగా టీచరు పని చూసుకో. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు" అన్నాడు. నేను చదివింది ఎలక్ట్రికల్ బీటెక్ నాన్నా అంటే, "కరెంటు గురించి పిల్లలకి చెప్పు" అన్నాడు. అమ్మ ఆవకాయ ముక్కలు తుడుస్తూ మా ఇద్దరి మొహాలూ చూసిందిగానీ ఏమీ అనలేదు.

మన ఇళ్లల్లో మగవాళ్ల మధ్య ఉద్యోగం చేసింది నువ్వొక్కదానివే. నాన్నకి వాళ్ల అక్క మాటంటే గురి. ఒక్కసారి చెప్పవా?

నీ లహరి


విజయపురి సౌత్,
19 మే 2025

లహరీ తల్లీ,

నీ ఉత్తరం మీ మామయ్య అద్దాలు పెట్టుకొని పైకి చదివాడు. నాకు సగం వినపడక మళ్లీ నేను చదువుకున్నా. చానా సంతోషం. ఆదివారం పూజలో నీ పేరు చెప్పించా. ఫాదర్ గారు "రైలు డ్రైవరా?" అని నన్ను మళ్లీ అడిగి మరీ చెప్పాడు.

ఇక్కడ ఎండలు మండుతున్నయ్. డ్యామ్ చూడటానికి వచ్చేవాళ్లు కూడా సాయంత్రందాకా బస్సు దిగట్లా. మీ మామయ్య ఇరిగేషన్ ఉద్యోగం దిగినా నీళ్లు వదల్లా. పొద్దున లేచి పెరట్లో నిమ్మచెట్టుకి కాలవలు తీస్తా కూర్చుంటాడు.

ఇప్పుడు నేనడిగేవాటికి జవాబు రాయి. డ్యూటీ ఎక్కినాక మళ్లీ దిగేది ఎప్పుడో ముందే తెలుస్తదా? పరాయి ఊళ్లో దిగితే పడుకునేది ఎక్కడ? ఆ గదికి గొళ్లెం ఉంటదా? ఇంజన్‌లో ఒంటేలుకి ఎట్టా? నెలసరి రోజుల్లో ఎట్టా? పక్కన కూర్చునే డ్రైవరు మంచోడు కాకపోతే ఎవరితో చెప్పుకోవాలి? నీకంటే ముందు చేరిన ఆడపిల్లలు ఉన్నారా, వాళ్లలో ఒక్కరితోనన్నా మాట్లాడావా? ఇయ్యన్నీ తెలుసుకోకుండా ఎగిరి గంతేయమాక.

మీ నాన్నతో మాట్లాడమన్నావు. వేరే ఏ సంగతైనా మాట్లాడతాగానీ ఈ సంగతి వాడితో నేను మాట్లాడను. ఎందుకని అడగమాక.

అమ్మ ఆవకాయ పెట్టిందిగా, మాకో చిన్న సీసా తీసిపెట్టమను.

ప్రేమలత అత్త


క్రోసూరు,
27 మే 2025

అత్తయ్యకి,

ఉత్తరం అందింది. నువ్వు కూడా అట్టాగే అంటావని అనుకోలేదు. ఆ గొళ్లెం గురించీ బాత్రూం గురించీ నాన్న ముందే అడిగాడు, మేనమామ అడిగాడు, పక్కింటి పెద్దమ్మ అడిగింది. వాళ్లకి తెలియక అడిగారు. నువ్వు చేసినదానివి. నువ్వు అడిగితే వద్దన్నట్టేగా.

నీ ఉత్తరంలో ప్రశ్నలు నాన్న ఎదురుగానే పైకి చదివా. అన్నం తింటున్నవాడు సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. "మా అక్క అడిగిందిగా. చెప్పు జవాబు" అని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆయనకి నువ్వే బలం ఇచ్చినట్టయింది.

నేను దిగిరాని మనిషినేం కాదు. నాన్నతో ఒక మాట కూడా చెప్పా: పెళ్లయ్యేదాకా ఒక రెండేళ్లు ఇంజన్ మీద చేస్తా, తర్వాత ఆఫీసు పనికి మార్చమని అడుగుతా అని. అప్పుడు కూడా ఒప్పుకోలేదు. ఇంతకంటే ఏం తగ్గాలో నాకు తెలియట్లేదు.

ఆవకాయ సీసా అమ్మ తీసిపెట్టింది. మాచర్ల వైపు వచ్చేవాళ్లు ఉంటే పంపుతుంది.

లహరి


విజయపురి సౌత్,
5 జూన్ 2025

ఏమే లహరీ,

"అత్తయ్యకి" అని రాసినప్పుడే నీకు కోపం వచ్చిందని అర్థమైంది. కోపం పక్కనపెట్టి ఇది నిదానంగా చదువు.

నేను కండక్టరుగా చేరినప్పుడు నాకెవరూ ఏమీ చెప్పలా. ఇంట్లోవాళ్లు వద్దన్నారు, లేదా సరేనన్నారు. అంతేగానీ పొద్దస్తమానం బస్సులో నిలబడే ఆడమనిషి మంచినీళ్లు ఎట్టా తాగాలి, తాగితే ఎక్కడికి పోవాలి, ఆ సంగతి ఎవరూ మాట్లాడలా. నేను నీళ్లు తాగటం మానుకున్నా. కొన్నాళ్లకి మంటా, చలిజ్వరం, ఆసుపత్రి. గురజాలలో బస్టాండు ఎదురుగా ఇడ్లీలు వేసే మరియమ్మ పెద్దమ్మ నా మొహం చూసి కనిపెట్టింది. "మా ఇల్లు ఈ వెనకే. తాళంచెవి ఈ మేకుకి ఉంటది. నన్ను అడగబల్లా, తీసుకుపో" అన్నది. ఆమె పోయేదాకా ఆ మేకు మీద నాకోసం తాళంచెవి ఉంది. ఆమె లేకపోతే నేను ఉద్యోగం మానేసేదాన్ని. మానేస్తే ఊళ్లోవాళ్లు, ఆడది ఏం చెయ్యగలిగింది అనేవాళ్లు. నేను అడిగింది అందుకని. నువ్వు వెళ్లొద్దని కాదు, వెళ్లినదానివి నిలబడాలని.

ఇక నీ రెండేళ్ల మాట. అది చదివి నాకు చానా బాధేసింది. పెళ్లికొడుకెవరో తెలియదు, ఏ ఊరివాడో తెలియదు. వాడేమంటాడో నువ్వే అనుకొని, వాడికి సరిపోయేట్టు నీ ఉద్యోగాన్ని ఇప్పుడే కత్తిరించి పెట్టావు. రేపు వచ్చేవాడు, ఇంజన్ నడిపే పిల్లేనా అని సంబరపడేవాడైతే?

అప్పట్లో నాకు బస్టాండులో కంట్రోలరుగా ప్రమోషన్ వచ్చిందని నీకు తెలియదు. వద్దని రాసిచ్చా. పిల్లలు చిన్నవాళ్లు, వేరే ఊరు పోవాలి, మీ మామయ్యకి ఇబ్బంది అవుద్ది అనుకున్నా. ఆయన్ని అడగనన్నా అడగలా. మొన్న నీ ఉత్తరం మడిచి ఆయన్నే అడిగా, "అప్పుడు నేను వెళ్తానంటే ఏమనేవాడివి?" అని. పార పక్కనపెట్టి, "వెళ్లమనేవాణ్ణి. నాకు వంట వచ్చు గదా" అన్నాడు. నిజంగానే వచ్చు. నాకంటే పప్పుచారు బాగా పెడతాడు.

మీ నాన్నతో ఎందుకు మాట్లాడనన్నానో కూడా చెప్తా, మనసులో పెట్టుకో. వాడు గురజాలలో డిగ్రీ చదివేటప్పుడు రోజూ నా బస్సు మీదే ఇంటికొచ్చేవాడు. ఉన్నట్టుండి మానేశాడు. నా బస్సు ముందే ఉన్నా వెనకబస్సు దాకా ఆగేవాడు. అక్క సంచి తగిలించుకొని మగాళ్ల మధ్య తిరుగుతుంటే స్నేహితుల ముందు నామోషీ అనుకున్నాడు కాబోలు. నేను అడగలా, వాడు చెప్పలా. ఆ మనిషి దగ్గరికి వెళ్లి, నీ కూతుర్ని కూడా నాలాంటి పనికి పంపు అని ఏ మొహంతో చెప్పను?

అడిగినవాటికి జవాబులు కనుక్కో. కోపం పోతే రాయి, పోకపోయినా రాయి.

నీ ప్రేమలత అత్త


క్రోసూరు,
16 జూన్ 2025

అత్తా,

కోపం పోయింది. నీ ఉత్తరం చదివిన మర్నాడే నరసరావుపేట బస్సెక్కా. మా కాలేజీలో నాకు సీనియర్ పూర్ణిమక్క అక్కడే ఉంటోంది, చేసేది ఇదే ఉద్యోగం, ఇన్నాళ్లూ నాకు తోచనే లేదు. నీ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటీ అడిగా. ఆమె నవ్వి, "ఇవి అడిగినావిడ ఎవరు? నాకు అట్టాంటి అత్త ఉంటే మొదటి ఏడాది అంత ఏడ్చేదాన్ని కాదు" అంది.

పరాయి ఊళ్లో దిగితే రన్నింగ్ రూం అని ఉంటుందట. అక్కడే అన్నం, పడక. ఆడవాళ్లకి వేరే గది, గొళ్లెం ఉంది. ఇంజన్‌లో మాత్రం బాత్రూం అన్నిట్లో ఉండదు, అది కష్టమే, దాచను అంది. బండి ఎక్కేముందు వెళ్లాలి, పెద్ద స్టేషన్‌లో ఆగినప్పుడు డ్రైవర్‌తో మొహమాటపడకుండా చెప్పి దిగాలి. "నోరు తెరిచి చెప్పటం మొదటి వారమే అలవాటు చేసుకో" అంది. నువ్వు రాసిందీ అదే గదా.

ఇంకో సంగతి. మనసులో పెట్టుకోమన్నావుగానీ నా వల్ల కాలేదు. నిన్న నాన్న వరండాలో పేపర్ చదువుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నా.

"నాన్నా, అత్త బస్సు ఎక్కటం ఎందుకు మానేశావు?"

పేపర్ దించలేదు. "ఎవరన్నారు?"

"అత్తకి తెలుసు. నీకు నామోషీ అనుకుంటోంది."

అప్పుడు పేపర్ మడిచాడు అత్తా. ఆయన మొహం అట్టా ఎప్పుడూ చూడలేదు. "నామోషీనా? మా అక్కంటే నాకా?" అన్నాడు. జరిగింది చెప్పాడు. గురజాల బస్టాండులో నీ బస్సు ఎక్కబోతుంటే, ముందు ఎక్కినవాడొకడు తాగి ఉన్నాడట. టికెట్ అడిగితే చిల్లర నీ మొహాన కొట్టి, నోటితో చెప్పలేని మాట అన్నాడట. నువ్వు వంగి ఆ చిల్లర ఏరుకొని, దిగి, బస్సు వెనక్కి పోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నావట. నాన్న అక్కడే స్తంభం పక్కన ఉన్నాడు. "నేను చూశానని తెలిస్తే అక్క తట్టుకోలేదు. అందుకని అటు నుంచి అటే కాలేజీ వైపు వెళ్లిపోయా. ఆ తర్వాత ఆ బస్సు ఎక్కాలంటే కాలు రాలేదు. అక్క మొహం చూస్తే అదే గుర్తొచ్చేది. మా ఇంట్లో ఇంకో ఆడపిల్లకి అది జరగకూడదనుకున్నా" అన్నాడు.

లోపలున్న అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకీ ఈ సంగతి తెలియదట.

నాకు నాన్న మీద కోపం నిలవట్లేదు. ఏం చెయ్యాలో కూడా తెలియట్లేదు.

నీ లహరి


విజయపురి సౌత్,
23 జూన్ 2025

తల్లీ,

నీ ఉత్తరం చదివి ఆ పూట వంట చెయ్యలా. మీ మామయ్యే చేశాడు. ఇన్నేళ్లూ నేను వాడి గురించి ఒకటనుకుంటే వాడు మనసులో ఇది మోస్తన్నాడు. పిచ్చి సన్నాసి.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మీ నాన్న సగం చూసి వెళ్లిపోయాడు. మిగతా సగం చూసుంటే నీ ఉద్యోగానికి ఇంత గొడవ ఉండేది కాదు.

నేను బస్సు వెనక ఉండంగా అయాజ్ భాయి ఇంజన్ ఆపేశాడు. నా బస్సు డ్రైవరు, మితభాషి, సలామ్ అంటే తల ఊపటం తప్ప మాట్లాడేవాడు కాదు. తాళం జేబులో వేసుకొని కిందకి దిగి, "మా కండక్టరమ్మకి వాడు క్షమాపణ చెప్పిందాకా బండి కదలదు" అన్నాడు. బస్సు నిండా మిరపకాయల కోతకి పోయొచ్చిన ఆడోళ్లు. పొద్దున్నుంచీ ఎండలో వంగి కోసి, ఇళ్లకి పోదామని ఆత్రంగా ఉన్నవాళ్లు. ఒక్కరన్నా "పోనియ్యవయ్యా" అని అనాలి గదా. అనలా. ఒకామె లేచి వాడి చొక్కా పట్టుకుంది, ఇంకొకామె వాడి సంచి కిందకి విసిరింది, వాణ్ణి దించారు. మరియమ్మ పెద్దమ్మ ఇడ్లీల గరిటె పట్టుకొనే వచ్చింది. వాడు దణ్ణం పెట్టి తప్పయిందన్నాడు. తర్వాత ఆ కోతల ఆడోళ్లు నన్ను ఎక్కించుకొని, కిటికీ పక్కన కూర్చోబెట్టి, "నువ్వు కూర్చో అమ్మాయ్, డబ్బులు మేం వసూలు చేస్తాం" అన్నారు. నిజంగానే చేశారు. వాళ్ల మిరపఘాటు చేతులు తగిలి నోట్లన్నీ ఘాటు. ఇంటికొచ్చేదాకా నేను నవ్వుతా తుమ్ముతా ఉన్నా.

ఆ రూటు మార్చుకోమంటే మార్చుకోలా. వాళ్లుండే రూటు అది. ఈ ఉద్యోగంలో నాకు అవమానాలు జరగలేదని చెప్పను. కానీ నా పిల్లల్ని చదివించుకుంది, నా పేరు నలుగురికి తెలిసింది, ఒంటరిగా ఏ ఊరైనా పోగలననే ధైర్యం, అన్నీ ఆ బస్సు ఇచ్చినయ్యే. నాకు బాగా బతికిన తృప్తి ఉంది. మీ నాన్న దాన్ని నా కష్టం అనుకుంటున్నాడు.

ఇయ్యి కాగితం మీద వాడికి చెప్పేయి కావు. శనివారం వస్తన్నా. మీ మామయ్య కూడా వస్తాడట, ఆవకాయ కోసం. వాడికి ముందే చెప్పమాక.

ప్రేమలత అత్త


క్రోసూరు,
8 జులై 2025

అత్తా,

మీరు వెళ్లి వారం దాటింది. నువ్వు నాన్న చెయ్యి పట్టుకొని ఆ మిగతా సగం చెప్తుంటే నేను వంటింట్లో అమ్మ పక్కన నిలబడి విన్నా. నాన్న నవ్వుతూ ఏడవటం మొదటిసారి చూశా. మీరు బస్సెక్కాక ఏం జరిగిందో నీకు తెలియాలి గదా, అందుకే ఇది.

మూడో రోజు నాన్న స్కూలు నుంచి వచ్చి, నాకోసం మాట్లాడిపెట్టిన బీఈడీ సీటు వద్దని కాలేజీకి చెప్పేశానన్నాడు. "కానీ ఒక షరతు" అన్నాడు. సరే, ఇప్పుడు ఏదో ఒకటి బిగిస్తాడు అనుకున్నా.

"రెండేళ్లు చేసి ఆఫీసుకి మారతానన్నావు గదా. ఆ మాట నాకోసం అన్నావా, నీకోసం అన్నావా?"

"నీకోసమే నాన్నా."

"అయితే వెనక్కి తీసుకో. చేస్తే పూర్తిగా చెయ్యి. రేపు నీకే విసుగొచ్చి మారితే అది వేరు. పెళ్లికొడుకు వాళ్లు అడిగితే చెప్పుకునేది నేను చూసుకుంటా."

అమ్మ అప్పుడు నోరు తెరిచింది. "మొదటి రోజు దాని మొహం చూస్తే నాకు తెలిసింది, ఇది వెళ్తుందని. అందుకే ఏం అనలేదు" అంది. అమ్మ ఇన్నాళ్లూ నాన్న వైపు ఉందనుకున్నా. నేను ఎవరినీ సరిగ్గా చదవలేదు అత్తా.

పూర్ణిమక్కతో నాన్నే ఫోన్‌లో మాట్లాడాడు. ట్రైనింగ్ విజయవాడలో. వచ్చే నెల చేరుతున్నా. మామయ్య తీసుకెళ్లిన ఆవకాయ అయిపోయిందా?

నీ లహరి


నంద్యాల,
14 ఫిబ్రవరి 2026

అత్తా,

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలు చిన్నవైపోయినయ్. ఇవ్వాళ రన్నింగ్ రూంలో కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. డ్యూటీ బాగుంది. మా సీనియర్ డ్రైవర్ బసవపున్నయ్య గారు పెద్దాయన. మొదటి రోజే, "సార్, నాకు అవసరమైతే స్టేషన్‌లో చెప్పి దిగుతా" అని చెప్పేశా. ఆయన నాకంటే ఎక్కువ మొహమాటపడి, "తప్పకుండా అమ్మా, మా అమ్మాయి కూడా నీ ఈడే" అన్నాడు. నువ్వు ఆ ప్రశ్నలు అడక్కపోతే నా నోరు పెగిలేది కాదు. నీళ్లు తాగుతున్నా, బాటిల్ బాటిల్ తాగుతున్నా.

నరసరావుపేట దాటి మార్కాపురం వైపు పోతుంటే పొద్దున్నే పొగాకు చేలు, మిరప కల్లాలు, ఎర్రగా ఎంత దూరమో. సిగ్నల్ కనపడగానే పైకి చెప్పాలి గదా, నా గొంతు నాకే కొత్తగా వినపడుతుంది. ఇది నాకు ఇచ్చింది నువ్వూ, నాన్నా, అమ్మా, నేను పేరు కూడా అడగని ఆ కోతల ఆడోళ్లూ. రోజూ డ్యూటీ ఎక్కేముందు అందర్నీ ఒకసారి తలుచుకుంటా.

మొన్నటి సంగతి కూడా చెప్పాలి. గిద్దలూరు దాటాక గేదె పట్టాల మీదకి వచ్చింది. ఇద్దరం చూశాం, హారన్ కొట్టాం, బ్రేకు వేశాం. గూడ్సు బండి అంత తొందరగా ఆగదు. గేదెని కొట్టి, చాలా ముందుకు పోయాకే ఆగింది. ఇంజన్ కింద పైపులు చూడటానికి నేనే దిగాలి. చూశా, అన్నీ బాగానే ఉన్నయ్, పైకి ఎక్కి ఆ మాటే చెప్పా. కానీ గేదె తాలూకు ముసలామె పలుపు చేత్తో పట్టుకొని ఇంజన్ దాకా నడిచొచ్చి కట్ట కింద కూర్చుండిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బసవపున్నయ్య గారు, "నీ పని నువ్వు చేశావు, నా పని నేను చేశాను. ఆ బాధ మాత్రం ఉంటది, ఉండాలి కూడా" అన్నాడు.

నంద్యాల చేరాక నాన్నకి ఫోన్ చేశా. చెప్తూ చెప్తూ ఏడ్చేశా. ఇప్పుడు వచ్చెయ్ అంటాడు అనుకున్నా. నిజం చెప్పాలంటే, అంటే బాగుండు అని కూడా అనిపించింది. ఆ క్షణంలో అని ఉంటే సంచి సర్దుకునేదాన్నేమో.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

"తినబుద్ధి కావట్లేదు నాన్నా."

"పెరుగన్నమన్నా తిను. రేపు డ్యూటీ ఎన్నింటికి?"

"ఆరింటికి."

"సరే పడుకో. అయిదింటికి నేను ఫోన్ చేసి లేపుతా" అన్నాడు.

లేపాడు అత్తా.

నీ లహరి